మా నాయన వేసిన పేషెంటు వేషం

ఇరవై నాలుగేళ్ళ వయసులో నాకు ప్రపంచం నాలుగు భాగాలుగా కనిపించేది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం. అంతవరకూ పెద్దగా ఆలోచించకుండానే ఈ నాలుగు పనులూ చేసుకుంటూ వచ్చినదాన్ని. వాటికి విడివిడిగా టైం పెట్టి, ఇంగ్లీషులో చేయించి, ఫలానా గ్రేడు వస్తేనే పరాయి దేశంలో నర్సువవుతావు అనేసరికి నాలుగూ ఒకేసారి మర్చిపోయాను. ఆ రోజుల్లో బేగంపేట దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సర్జికల్ వార్డు నర్సుగా పనిచేసేదాన్ని. ఇల్లు సీతాఫల్‌మండిలో. ఇంట్లో అమ్మ, నాయన, నేను. నాయన సికింద్రాబాద్ స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసు గుమాస్తా. వార్డులో నాకు ధైర్యస్తురాలినని పేరు. (రక్తం చూసి భయపడని మనిషి ప్రశ్నపత్రం చూసి భయపడుతుందని ఎవరనుకుంటారు.) పరీక్షకు డబ్బు కట్టి, తేదీ ఖాయమైన రోజు నుంచీ నాకు అన్నం సయించడం మానేసింది. బస్సులో కండక్టరు టికెట్ అని చెయ్యి చాపినా ఇది ఏ భాగం కిందికి వస్తుందా అని ఆలోచించే స్థితికి వచ్చాను.

ఆ పరీక్ష ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళ కోసమే పెట్టింది. మా వార్డులో దాని మర్మాలన్నీ తెలిసిన మనిషి ఒకరే, మా సీనియర్ అక్క. ఆమె అప్పటికి రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పింది. (తప్పినవాళ్ళకు తెలిసినంత ఫార్మాట్ పాసైనవాళ్ళకు తెలియదని మా అందరి నమ్మకం. పాసైనవాళ్ళు చెప్పడానికి ఇక్కడ ఉండరు కదా, విమానం ఎక్కేస్తారు.) మధ్యాహ్నం భోజనాల దగ్గర టిఫిన్ డబ్బా మూత మీద వేలితో గీతలు గీస్తూ ఆమె నాకు పాఠం చెప్పేది. వినే భాగంలో రికార్డు ఒక్కసారే వేస్తారట, మధ్యలో తుమ్మొచ్చినా మళ్ళీ వేయరట. చదివే భాగంలో మొదటి పదిహేను నిమిషాలు కాగానే చేతిలో కాగితం లాగేసుకుంటారట. రాసే భాగంలో ఒక పేషెంటు కేసు వివరాలిచ్చి, ఆ పేషెంటును ఇంకో డాక్టరుకో నర్సుకో అప్పగిస్తూ ఉత్తరం రాయమంటారట. ఆ వివరాల్లో అక్కరలేనివి కూడా కావాలనే కలుపుతారట, వాటిని ఏరి పారేయాలట. అన్నిటికంటే పెద్ద గండం మాట్లాడే భాగం. ఒక గదిలో ఒక మనిషి ఎదురుగా కూర్చుని పేషెంటులాగా నటిస్తారు. మన చేతికి ఒక కార్డిస్తారు. మూడు నిమిషాలు దాన్ని చూసుకుని, ఐదు నిమిషాలు నర్సులాగా ఆ మనిషితో మాట్లాడాలి. అది నేను రోజూ చేసే పనే కదక్కా అన్నాను. ఆమె జాలిగా చూసింది.

"రోజు చేసేది వేరె, ఆడ చేసేది వేరె. నువ్వు మాట్లాడేదంతా రికార్డయితది. నడుమల సప్పుడు లేకుంట రెండు సెకన్లు పోయినయంటె నీ గ్రేడు పోయినట్టె. గిదొక్కటి యాదుంచుకో."

ఆమె చెప్పిన మిగతా సంగతులన్నీ ఎంతో కొంత నిజమేనని తర్వాత తేలింది. ఈ రెండు సెకన్ల సంగతి ఎక్కడ పుట్టిందో మాత్రం ఈనాటికీ నాకు తెలియదు. కానీ నేను పట్టుకున్నది దాన్నే. నిశ్శబ్దమంటే నాకు వణుకు పుట్టింది. పేషెంటు ఏం చెప్పినా దానికి అతికేలా పాతిక ఇంగ్లీషు వాక్యాలు బట్టీపట్టాను. మీ బాధ నాకు అర్థమైంది, మీరు చెప్పింది చాలా ముఖ్యమైన విషయం, కంగారు పడకండి మేమున్నాం, ఇలాంటివి. ఒక వాక్యం అయిపోతూ ఉండగానే రెండోది నాలుక చివర సిద్ధంగా పెట్టుకునేదాన్ని. ఈ జబ్బు వార్డులోకి కూడా వచ్చేసింది. నొప్పెలా ఉందని అడిగేదాన్ని, అవతలివాళ్ళు ఊపిరి తీసుకునేలోగా నిన్నటికంటే నయమే కదా అని నేనే అనేసి పక్క మంచానికి వెళ్ళిపోయేదాన్ని. పిత్తాశయం ఆపరేషన్ అయిన ఒకాయన డాక్టరుగారితో, ఈ సిస్టరమ్మ అడుగుడు ఆమెనే, జవాబు చెప్పుడు సుత ఆమెనే అని ఫిర్యాదు చేశాడు. డాక్టరుగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఆ పేషెంటు మాటకూ నా మాటకూ మధ్య రెండు సెకన్లు దాటలేదు కదా అని లెక్కచూసుకున్నాను.

నా పరేషాన్ చూడలేక నాయన రంగంలోకి దిగాడు. పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, స్కేలు పెట్టి గళ్ళు గీసి, పరీక్షకు రైళ్ళ టైంటేబుల్ తయారుచేశాడు. వినుడు ఇన్ని గంటలకు వచ్చును, ఇన్ని గంటలకు పోవును. చదువుడు ఇన్నింటికి వచ్చును. దాన్ని వంటింటి తలుపుకు అంటించాడు. (అమ్మకు అది అడ్డమై, పోపుల డబ్బా తీసిన ప్రతిసారీ రాసుడు అనే గడి మీద పసుపు మరక పడేది.) ఇక ఉత్తరాల సంగతికొస్తే నాయన ముప్పై ఏళ్ళుగా ఆఫీసు ఉత్తరాలు రాసినవాడు. ఆయన ఇంగ్లీషులో ప్రతి వాక్యమూ చేతులు కట్టుకుని నిలబడేది. నేను రాసిన మొదటి ఉత్తరం చూసి ఇది చాలా పొగరుగా ఉందన్నాడు. ఏ ఉత్తరమైనా బతిమాలుకుంటా షురూ చెయ్యాలె బిడ్డా, లేకుంటె పైన కూసున్నోళ్ళకు కోపమొస్తది అని బోధించాడు. నేను రాసింది కొట్టేసి, 'విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్' అని తన గుండ్రటి అక్షరాలతో పైన చేర్చాడు. అలా అక్కరలేదు నాయనా అంటే అలిగేవాడు. అందుకని ఇంట్లో రాసే ఉత్తరాలన్నీ వేడుకుంటూనే మొదలయ్యేవి.

మాట్లాడే భాగానికి పేషెంటుగా కూడా ఆయనే దొరికాడు. పొద్దున ఇద్దరం ఎంఎంటీఎస్‌లోనే వెళ్ళేవాళ్ళం. సీతాఫల్‌మండిలో ఎక్కితే నాయన తర్వాతి స్టేషన్ సికింద్రాబాద్‌లోనే దిగిపోతాడు, నేను బేగంపేటదాకా వెళ్తాను. ఆ ఒక్క స్టేషన్ దూరం సరిగ్గా ఒక కార్డుకు సరిపోతుందని నాయనే కనిపెట్టాడు. ఒకరోజు ఆయన ఇంజక్షన్ అంటే భయపడే పేషెంటు. నేను ఒప్పించాలి. నాయన పై రాడ్డు పట్టుకుని, మొహం దీనంగా పెట్టి, నో సిస్టర్ ప్లీజ్ సిస్టర్ అంటున్నాడు. నేను రెండు సెకన్లు దాటనివ్వకుండా ఇంజక్షన్ గొప్పతనం మీద వాక్యం తర్వాత వాక్యం వదులుతున్నాను. ఖర్మకొద్దీ ఆ రోజు బండి స్టేషన్ బయట సిగ్నల్ కోసం ఆగిపోయింది. ఐదు నిమిషాలు పది అయ్యాయి. నాయన దగ్గర కొత్త భయాలు అయిపోయి, పాతవాటినే గొంతు పెంచి చెప్పడం మొదలుపెట్టాడు. పక్కన పూలగంప పెట్టుకుని కూర్చున్న పెద్దావిడకు మా మాటల్లో ఇంజక్షన్, నో తప్ప ఇంకేమీ అర్థం కాలేదు. అవి చాలు. ఆమె లేచి నిలబడి నాయనకు సీటిచ్చింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏందమ్మా, పెద్దమనిషి గంతగనం వద్దంటుంటె వినవేంది? ముందుగాల ఆయన చెప్పేది జెర ఇను."

బోగీ అంతా నన్నే చూసింది. ఇది పరీక్ష ప్రాక్టీసు, ఆయన మా నాయన అని చెప్పబోయాను. కన్నతండ్రినా ఇట్ల సతాయించేది అని ఆమె ఇంకో మాట అంది. నాయన నన్ను ఆదుకుంటాడేమోనని చూశాను. ఆయన దొరికిన సీట్లో హాయిగా వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, వేషంలోనే ఉండిపోయాడు. సికింద్రాబాద్‌లో దిగుతూ, ఎట్లున్నది నా యాక్టింగ్ అన్నట్టు కనుబొమ్మ ఎగరేసి వెళ్ళాడు. ఆయన మెట్లవంతెన వైపు నడుస్తుంటే నేను సిగ్గుతో కిటికీ నుంచి మొహం తిప్పేసుకున్నాను. చూసి ఉండాల్సింది.

పరీక్ష శనివారం. దానికి ముందు ఆదివారం పొద్దున ముందుగదిలో ఆఖరు ప్రాక్టీసు పెట్టుకున్నాం. అమ్మ చాప మీద కూర్చుని గోకరకాయ తుంచుతోంది. నాయనకు మోకాలి ఆపరేషన్ చేయించుకోబోయే పేషెంటు కార్డు ఇచ్చాను. ఫోన్‌లో ఐదు నిమిషాల టైమర్ పెట్టాను. నాయన మోకాలు పట్టుకుని మూలిగాడు, నేను నా వాక్యాలు వరసగా అప్పజెప్పాను. మూడో నిమిషంలో ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి, అది ఫార్మాట్. ఈజ్ దేర్ ఎనీథింగ్ ఎల్స్ వరీయింగ్ యూ అని అడిగాను, ఇంకేమైనా దిగులుందా అని. మామూలుగా అయితే ఆయన నోరు తెరవకముందే నా తర్వాతి వాక్యం వెళ్ళిపోవాలి. ఆ రోజు అది రాలేదు. బట్టీపట్టిన పాతిక వాక్యాల్లో తర్వాతిది ఏదో పూర్తిగా చెరిగిపోయింది. దాని కోసం పైకప్పు వంక చూస్తూ వెతుక్కుంటున్నాను. రెండు సెకన్లు కాదు, పది పన్నెండు అయ్యుంటాయి. ఆ ఖాళీలో నాయన మాట్లాడాడు, నేలను చూస్తూ, తన ఆఫీసు ఇంగ్లీషులో.

"యెస్ సిస్టర్. వెన్ ఐ క్లైంబ్ ది బ్రిడ్జ్, హియర్ సంబడీ ఈజ్ సిటింగ్. వెరీ హెవీ పర్సన్. ఐ స్టాప్ త్రీ టైమ్స్. దెన్ హీ గోస్. మై వైఫ్ డజ్ నాట్ నో."

చెయ్యి మోకాలి మీంచి ఛాతీ మీదికి వచ్చింది. నేనేం చేశానో రాయడానికి ఇన్నేళ్ళ తర్వాత కూడా మొహం చెల్లడం లేదు. కార్డులో లేనిది చెప్పొద్దు నాయనా, నీది మోకాలు, టైం అయిపోతోంది అని విసుక్కున్నాను. ఆయన సారీ సిస్టర్ అని బుద్ధిగా మళ్ళీ మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు. టైమర్ మోగింది. నాకు నేనే మంచి గ్రేడు వేసుకున్నాను. (మధ్యలో వచ్చిన నిశ్శబ్దానికి మాత్రం కొంత తగ్గించాను.)

వెంటనే రాసే భాగం. ఇప్పుడు మాట్లాడిన పేషెంటు గురించే ఉత్తరం రాద్దామని కూర్చున్నాను, నాయన అలవాటుగా మొదటి వాక్యం తనే రాసిచ్చి స్నానానికి వెళ్ళాడు. ఉత్తరానికి ముందు కేసు వివరాలు పొడిపొడిగా రాసుకోవాలి. యాభై ఎనిమిదేళ్ళ పురుషుడు. మోకాలి నొప్పి. మెట్లు ఎక్కినప్పుడు ఛాతీలో బరువు. ఆగితే తగ్గుతుంది. మూడుసార్లు ఆగుతాడు. భార్యకు తెలియదు. ఇప్పుడు వీటిలో అక్కరలేనిది కొట్టేయాలి. పెన్ను పట్టుకుని ఛాతీలో బరువు అన్న మాట మీద గీత పెట్టబోయి ఆగిపోయాను. ఆ ఐదారు మాటలు ఏ వార్డులో ఏ నర్సు చేతికిచ్చినా ఏమంటుందో నాకు తెలుసు. నేను అదే పని చేసే మనిషిని. చెవులతో విన్నప్పుడు తలకెక్కనిది, నా చేతిరాతలో చూసేసరికి తలకెక్కింది. మా నాయన వయసు యాభై ఎనిమిది. కార్డులో పేషెంటుకు నలభై రెండు.

ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. బ్రిడ్జి మీద మూడుసార్లు ఆగేది ఎవరు నాయనా అని తెలుగులో అడిగాను. గదంత యాక్టింగ్ బిడ్డా అన్నాడు. నేను ఇంకేం మాట్లాడలేదు, ఆయన వంకే చూస్తూ కూర్చున్నాను. ఎన్ని సెకన్లు గడిచాయో ఎవరూ లెక్కపెట్టలేదు. అమ్మ చేతిలో గోకరకాయ అలాగే ఉండిపోయింది. చివరికి నాయన కుర్చీలో కూలబడి, రెండు నెలల నుంచి అని ఒప్పుకున్నాడు. నా పరీక్ష అయ్యాక చెబుదామనుకున్నాడట. మరి ఇందాక ఎందుకు చెప్పావని అడిగాను.

"నువ్వు అడిగినవు గద. తెలుగుల చెప్తె నిజమైతదని భయం. ఇంగ్లీషుల అయితె నాది గాదు, ఆ పేషెంటుది అనిపిచ్చింది."

పది నిమిషాల్లో ఆటోలో ఉన్నాం. నేను చేతికి దొరికిన కాగితాలన్నీ సంచిలో కుక్కుకుని వచ్చాను. మా ఆసుపత్రి క్యాజువాలిటీలో అడ్డమొచ్చిన ప్రతివాళ్ళకూ ఒకే మాట మూడుసార్లు చెబుతున్నాను. ఏ ముక్కా అవతలివాళ్ళకు అందడం లేదు. డ్యూటీ డాక్టరు చిన్నవాడు, నెమ్మదస్తుడు. సంచిలోంచి నేను లాగి ఇచ్చిన కాగితం తీసుకుని చదివాడు. హిస్టరీ చాలా స్పష్టంగా ఉంది సిస్టర్ అన్నాడు. కాస్త ఆగి, కానీ వినయపూర్వకంగా వేడుకోవడం ఎందుకు, ఇసిజి తీయమంటే తీస్తాం కదా అన్నాడు. అప్పుడు చూసుకున్నాను, పైన నాయన రాసిన మొదటి వాక్యం, కింద నా కేసు వివరాలు. స్ట్రెచర్ మీద పడుకుని నాయన, చూసినవా, పని అయ్యింది అన్నట్టు నా వైపు చూశాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. నాకే ఎవరో నీళ్ళు తెచ్చిచ్చారు.

సోమవారం యాంజియోగ్రాం చేశారు. ఒక రక్తనాళం బాగా మూసుకుపోయింది. స్టెంటు వేశారు. అటాక్ రాకముందే తీసుకొచ్చారు, మంచిపని చేశారు అని పెద్ద డాక్టరుగారు అన్నారు. ఆ రెండు రోజులూ నేను నర్సును కాను, ఐసియు బయట బెంచీ మీద కూర్చుని లోపలికీ బయటికీ తిరిగే ప్రతి నర్సునూ పట్టుకుని అడిగే బంధువుని. నేను అడిగేది పూర్తవకముందే వాళ్ళు ఏదో జవాబు అనేసి వెళ్ళిపోతుంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. అమ్మ మాత్రం కన్నీళ్ళు పెట్టుకోలేదు, కోపం తెచ్చుకుంది. "ముప్పయ్యేండ్ల సంసారంల నాకు తెలుగుల చెప్పని ముచ్చట నీకు ఇంగ్లీషుల చెప్పిండు" అని నాతో ఒకసారి అని, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాయనకు మాత్రం వారం రోజులు ఉప్పులేని పప్పు, అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువ కఠినంగానే పెట్టింది.

పరీక్ష రాయనన్నాను. గురువారం ఇంటికొచ్చిన నాయన మంచం మీంచే, రాయకుంటె నేను గోలీలు మింగను అని బెదిరించాడు. శనివారం పొద్దున వెళ్ళాను. వారం నుంచి నిద్రలేని తల. వినే భాగంలో హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే మొదటి నిమిషం నా గుండె చప్పుడే వినిపించింది. చదివే భాగంలో పదిహేను నిమిషాలకు కాగితం నిజంగానే లాగేసుకున్నారు, రెండు ప్రశ్నలు మిగిలిపోయాయి. రాసే భాగంలో పేషెంటు ఒక ముసలాయన, ఒంటరిగా ఉంటాడు, తుంటి ఎముక విరిగింది, ఇంట్లో ఒక కుక్క. కుక్క సంగతి అక్కరలేనిది, కొట్టేయాలి, నాకు తెలుసు. పెన్ను ఒప్పుకోలేదు. ఆ వారం నేను ఏ మాటనూ కొట్టేసే స్థితిలో లేను. ఈయన ఆసుపత్రిలో ఉంటే దానికి తిండి ఎవరు పెడతారు, ఆ దిగులుతో ఆయన త్వరగా ఇంటికి పోతానని మొండికేస్తే ఎలా అని ఒక పేరా నిండా రాశాను. మాట్లాడే భాగంలో ఎదురుగా నేత చీర కట్టుకున్న ఒక మేడమ్. ఆమె వాకర్ పట్టుకోనని మొరాయించే పేషెంటు. బట్టీపట్టిన పాతిక వాక్యాల్లో ఒక్కటీ దొరకలేదు. ఎందుకు వద్దనుకుంటున్నారు అని అడిగి ఊరుకున్నాను. ఆమె వెంటనే మాట్లాడలేదు. గోడ గడియారం టిక్కుమంటోంది, రికార్డరు ఎర్రలైటు వెలుగుతోంది. నా గ్రేడు పోతే పోయింది అనుకుని ఆగాను. వాకర్ పట్టుకుంటే నన్ను చూసి వీధిలోవాళ్ళు ఇక అయిపోయిందంటారు అంది ఆమె. ఆ తర్వాత మేమిద్దరం నిజంగానే మాట్లాడుకున్నాం. టైం అయిపోయిందని ఆమే చెప్పాల్సి వచ్చింది.

ఫలితం వచ్చింది. మాట్లాడే భాగంలో మంచి గ్రేడు. వినడం, చదవడం గట్టెక్కాయి. రాయడంలో ఒక్క మెట్టు తగ్గింది. నేను మొహం వేలాడేసుకుని కూర్చుంటే నాయన సంగతంతా విని, ఆ కుక్కకు అన్నం పెట్టించినవ్ గద, గ్రేడుదేముంది, మల్ల వస్తది అన్నాడు. నాలుగు నెలల తర్వాత మళ్ళీ రాశాను. ఈసారి పేషెంటు ఇంట్లో చిలక ఉంది. నోరు మూసుకుని వదిలేశాను, పాసయ్యాను. (ఆ చిలక సంగతి ఏమైందోనని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.) మా సీనియర్ అక్క కూడా మూడోసారికి పాసై నాకంటే ముందే విమానం ఎక్కింది. నేను ఇంగ్లండులో ఒక చిన్న ఊళ్ళో మూడేళ్ళు పనిచేసి, చూడవలసినంత చలి చూసి, తిరిగి వచ్చేశాను. ఇప్పుడు మెట్టుగూడ దగ్గర ఒక ఆసుపత్రిలో వార్డు ఇన్‌ఛార్జిని. రిటైరైన నాయన రోజూ సాయంత్రం నడకకు వెళ్తాడు. ఒంట్లో ఏం తేడా వచ్చినా దాచడం మానేశాడు. కాకపోతే ఇప్పటికీ ఇంగ్లీషులోనే చెబుతాడు, అమ్మకు కూడా. అమ్మ తెలుగులో తిడుతుంది. అలా ఇద్దరికీ కుదిరింది.

అప్పటి నేను, ఆ వారం నాటి పిల్ల, అప్పుడప్పుడు గుర్తొస్తుంది. పెదాలు కదుపుతూ, వేళ్ళ మీద సెకన్లు లెక్కపెట్టుకుంటూ, ఎవరు పలకరించినా ఉలిక్కిపడే ఆ బక్కపిల్ల ఎక్కడైనా ఎదురైతే ఏం చెప్పాలా అని ఆలోచిస్తాను. సలహాలేమీ ఇవ్వను, వాటికి ఆమె దగ్గర చోటు లేదు. పక్కన కూర్చుని, ఆమె చెప్పేదంతా చెప్పనిస్తాను. చాలా వేగంగా మాట్లాడుతుంది పాపం. అలిసిపోయి ఎక్కడో ఒకచోట ఆగకపోదు.